టైమింగ్ చైన్ అరుగుదల: చెవి పరీక్ష నుంచి డిగ్రీల లెక్క దాకా

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరగాలి. పిస్టన్ ఏ ఎత్తులో ఉన్నప్పుడు ఏ వాల్వు తెరుచుకోవాలో, ఏది మూసుకోవాలో ఈ లెక్కే నిర్ణయిస్తుంది. రెండు షాఫ్టులనూ కలపడానికి కార్ల చరిత్రలో ముఖ్యంగా మూడు మార్గాలు వాడుకలోకి వచ్చాయి: పళ్ళ చక్రాలు, ఉక్కు చైన్, పళ్ళున్న రబ్బరు బెల్టు. ఉక్కు గేర్లు సాధారణంగా ఇంజిన్ ఉన్నంతకాలం ఉంటాయి. బెల్టును ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కారుతో వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. చైన్‌కు మాత్రం చాలామంది తయారీదారులు ఏ గడువూ రాయలేదు. గడువు లేదు కదా అని చైన్ అరగడం మానలేదు. అరిగిందా, ఎంత అరిగింది, ఇంకెంతకాలం నడుస్తుంది అన్న ప్రశ్నలకు ఇంజిన్ విప్పకుండానే జవాబు చెప్పాల్సిన బాధ్యత మెకానిక్ మీద పడింది. పాత ఇంజిన్లలో చైన్‌ను పరీక్షించే పద్ధతులన్నీ ఈ అవసరం నుంచే పుట్టాయి.

చైన్ సాగిందని షెడ్లలో అంటారు. నిజానికి ఉక్కు పలకలు సాగవు. చైన్‌లో ప్రతి లింకునూ పక్క లింకుతో కలిపే చోట ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్ ఉంటాయి. చైన్ చక్రం మీదికి వంగినప్పుడల్లా, చక్రం దిగి తిన్నగా అయినప్పుడల్లా పిన్ను ఆ బుష్‌లో కొద్దిగా తిరుగుతుంది. మధ్యలో ఆయిల్ పొర ఉన్నంతసేపూ నష్టం లేదు. ఆ పొర పలచబడ్డా, ఆయిల్‌లో మసి, దుమ్ము చేరినా పిన్నూ బుష్షూ ఒకదాన్నొకటి గీరుకుంటాయి. ఒక్కో కీలు దగ్గర 0.02 మిల్లీమీటరు అరిగితే కంటికి కనిపించదు. యాభై లింకుల చైన్‌లో అదంతా కలిసి ఒక మిల్లీమీటరు అవుతుంది.

ఒక మిల్లీమీటరుతో వచ్చే నష్టమేమిటో పాత ఇంజిన్ల కొలతలతోనే లెక్కవేయవచ్చు. ఈ ఇంజిన్లలో ఎక్కువగా వాడిన చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు, అంటే 9.525 మిల్లీమీటర్లు. క్రాంక్ చక్రానికి 20 పళ్ళున్నాయనుకుంటే ఒక్కో పన్ను 18 డిగ్రీల తిరుగుడుకు సమానం. కాబట్టి క్యామ్‌ను లాగే వైపు చైన్ ఒక మిల్లీమీటరు పెరిగితే క్యామ్ షాఫ్ట్ క్రాంక్ లెక్కలో దాదాపు రెండు డిగ్రీలు వెనకబడుతుంది. వదులుగా ఉండే రెండోవైపు పెరిగిన పొడవును టెన్షనర్ నొక్కిపెడుతుంది. అయితే టెన్షనర్ చేయగలిగింది చైన్ ఊగకుండా ఆపడమే, వెనకబడ్డ క్యామ్‌ను ముందుకు తేవడం దాని వల్ల కాదు. చైన్ పరీక్షలో ఈ తేడా ముఖ్యం. శబ్దం వదులు గురించి చెబుతుంది, డిగ్రీలు అరుగుదల గురించి చెబుతాయి. కొత్త టెన్షనర్ వేసి శబ్దం పోగొట్టినంత మాత్రాన అరిగిన చైన్ బాగుపడదు.

ఈ చైన్‌కు మూలపురుషుడు హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లండ్‌లోని ఆరావ్‌లో 1852లో పుట్టి, 1873లో మాంచెస్టర్ చేరాడు. 1879లో పక్కనే సాల్ఫర్డ్‌లో జేమ్స్ స్లేటర్ నడుపుతున్న చిన్న చైన్ల వ్యాపారాన్ని కొన్నాడు. బట్టల మిల్లుల యంత్రాలకు చైన్లు చేసే వ్యాపారం అది. అప్పటి చైన్లలో పలుచని పలకలే నేరుగా పిన్ను మీద రాసుకునేవి. బరువంతా ఆ సన్నని అంచుల మీద పడి త్వరగా అరిగిపోయేవి. రెనాల్డ్ 1880లో పిన్ను చుట్టూ గొట్టంలాంటి బుష్‌నూ, దానిపై తిరిగే రోలర్‌నూ పెట్టాడు. దాంతో బరువు పిన్ను పొడవంతా పరుచుకుంది. సైకిలుకైనా, మోటారు సైకిలుకైనా, కారు ఇంజిన్‌కైనా నేటికీ వాడుతున్న రోలర్ చైన్ నిర్మాణం అదే. 1895లో ఆయనే లోపలివైపు పళ్ళుండే నిశ్శబ్ద చైన్‌ను తెచ్చాడు. అమెరికాలో ఈ రకం చైన్లకు న్యూయార్క్ రాష్ట్రం ఇథాకాలోని మోర్స్ కంపెనీ పేరుపడింది.

తొలి కార్ల ఇంజిన్లలో ఎక్కువగా గేర్లే ఉండేవి. ఫోర్డ్ మోడల్ టీలో క్యామ్‌ను తిప్పింది గేరే. గేర్లతో చిక్కల్లా వాటి రొద. ఆ రొద తగ్గించడానికే ఫోర్డ్ 1928 నాటి మోడల్ ఏలో క్యామ్ గేరును బట్ట పొరలు నొక్కి చేసిన ఫైబర్‌తో తయారుచేసింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఖరీదైన కార్ల తయారీదారులు చైన్ వైపు మొగ్గడానికీ మొదటి కారణం నిశ్శబ్దమే. తర్వాత క్యామ్ షాఫ్ట్ సిలిండర్ హెడ్ పైకి చేరాక క్రాంక్‌కూ దానికీ దూరం పెరిగింది. అంత దూరానికి గేర్ల వరుస పెట్టడం ఖర్చుతో కూడిన పని. అక్కడ చైన్‌కు తిరుగులేకపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి బ్రిటిష్ ఇంజిన్లను వరుసగా చూస్తే చైన్ వదులును అదుపుచేయడానికి పడ్డ పాట్లు కనిపిస్తాయి. క్యామ్ బ్లాకులోనే ఉండే ఇంజిన్లలో చైన్ చాలా పొట్టిది. బీఎంసీ ఏ-సిరీస్ ఇంజిన్‌లో చాలాకాలం ప్రత్యేకంగా టెన్షనర్ లేదు, క్యామ్ చక్రం పళ్ళకు అటూ ఇటూ రబ్బరు రింగులు బిగించి వదిలేశారు. వేడి ఆయిల్‌లో నానిన రబ్బరు కొన్నేళ్ళకు గట్టిపడితే ఆ రింగులు ఉన్నా లేనట్టే. ట్రయంఫ్ హెరాల్డ్ ఇంజిన్‌లో టైమింగ్ కవర్ లోపలివైపు విల్లులా వంచిన స్ప్రింగు పట్టీ ఉంటుంది. ఒంటివరుస చైన్ దాని మీద రాసుకుంటూ పోయేది. కవర్ తీసినప్పుడు ఆ పట్టీ మీద చైన్ పలకలు కోసిన రెండు గాడులు కనిపిస్తాయి. గాడుల లోతు చూస్తే చైన్ ఎంతకాలంగా వదులుగా కొట్టుకుందో చెప్పవచ్చు. ఎంజీ కార్లలో వాడిన బీ-సిరీస్ ఇంజిన్‌లో రబ్బరు ముఖమున్న టెన్షనర్‌ను ఆయిల్ ఒత్తిడి ముందుకు తోసేది. చైన్ వదులయ్యేకొద్దీ అది మెట్లుమెట్లుగా బయటికి వచ్చి, వెనక్కి పోకుండా నిలబడుతుంది.

1948లో లండన్ మోటారు ప్రదర్శనలో కనిపించిన జాగ్వార్ ఎక్స్‌కే ఇంజిన్‌ది మరో దారి. దాని రెండు క్యామ్‌లూ హెడ్ పైనే ఉండడం వల్ల ఒకే పొడవాటి చైన్ కాకుండా, కిందొకటి పైనొకటి రెండు జంటవరుస చైన్లు పెట్టారు. కింది చైన్‌కు తర్వాతి కాలంలో ఆయిల్ టెన్షనర్ వచ్చింది. పై చైన్‌ను మాత్రం మెకానిక్కే చేత్తో సరిచేయాలి. హెడ్ ముందుభాగంలో మూత తీసి, కేంద్రం తప్పించి అమర్చిన చిన్న చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ బిగింపు చూడాలి. ఎక్కువ బిగిస్తే చైన్ ఈల వేస్తుంది, తక్కువైతే గలగలలాడుతుంది. క్యామ్ చక్రాలకు బయటివైపు చైన్‌ను వేలితో నొక్కితే కొద్దిగా లోపలికి వెళ్ళాలి. ఇంత పనిని మెకానిక్ చేతికి వదిలిన ఆ ఇంజిన్ 1992 దాకా తయారీలో ఉందంటే దాని రూపకల్పన ఎంత గట్టిదో ఊహించవచ్చు.

ఈ కాలానికి చెందిన మొదటి పరీక్ష చెవితో చేసేది. రాత్రంతా నిలిపిన కారును ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ ముందువైపు నుంచి ఒకటి రెండు క్షణాలు గలగలమని శబ్దం వచ్చి ఆగిపోతే, టెన్షనర్‌లో ఆయిల్ దిగిపోయి మళ్ళీ నిండేదాకా చైన్ ఊగిందని అర్థం. వేడెక్కాక కూడా ఆగకపోతే విషయం ముదిరిందన్నమాట. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను టైమింగ్ కవర్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకొని, కవర్ మీదా వాల్వు కవర్ మీదా మార్చిమార్చి వినడం అన్ని దేశాల మెకానిక్‌లకూ తెలిసిన పని. టాపెట్ శబ్దం ఒక లయలో వస్తుంది. చైన్ శబ్దానికి లయ ఉండదు, యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలినప్పుడు అది పెరుగుతుంది. ఎక్కువ వదులైన చైన్ కవర్ లోపలి గోడకు తగిలి అక్కడ మెరిసే గీతలు వేస్తుంది. ఆయిల్ దించినప్పుడు అడుగున కనిపించే సన్నని లోహపు రజను అరుగుదలకు మరో సాక్ష్యం.

అయితే చెవి ఎంత మంచిదైనా కొలత ఇవ్వదు. అందుకు సర్వీసు పుస్తకాలు వాల్వు టైమింగ్ పరీక్షను చేర్చాయి. మొదటి సిలిండర్ ఇన్‌లెట్ వాల్వుకు టాపెట్ గ్యాపును మామూలుకంటే ఎక్కువగా, పుస్తకంలో చెప్పిన కొలతకు పెట్టి, క్రాంక్‌ను నెమ్మదిగా తిప్పుతూ వాల్వు కదలడం మొదలయ్యే క్షణంలో పుల్లీ మీది గుర్తు ఎక్కడుందో చూస్తారు. అది ఉండాల్సిన చోటు దాటిపోయి ఉంటే క్యామ్ వెనకబడినట్టే. కవర్ విప్పి రెండు చక్రాల మీది చుక్కలు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడడం ఇంకో పద్ధతి. కానీ చుక్కల పద్ధతిలో ఒక పన్ను తేడా తెలుస్తుందే తప్ప, అరపన్ను అరుగుదల తెలియదు. కొత్త చైన్ వేసేటప్పుడు తప్ప అరుగుదల కొలవడానికి చుక్కలను నమ్మకూడదు.

చైన్ పరీక్షను ప్రతి చిన్న షెడ్డుకూ చేర్చింది అమెరికా వీ8 ఇంజిన్లే. 1960ల నుంచి అక్కడి పెద్ద కంపెనీలు చైన్ చప్పుడు తగ్గించడానికి అల్యూమినియం క్యామ్ చక్రం మీద నైలాన్ పళ్ళు పోతపోశాయి. కొత్తలో నిశ్శబ్దంగా నడిచిన ఆ నైలాన్ ఏళ్ళ తరబడి వేడికి పెళుసెక్కి ముక్కలుగా రాలేది. ముక్కలు సంపులోకి జారి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డంపడేవి. అప్పుడు పోయేది చైన్ ఒక్కటే కాదు, బేరింగులూ పోయేవి. నిశ్శబ్దం కోసం మన్నికను తాకట్టు పెట్టడం చైన్ల చరిత్రలో ఇది మొదటిసారి కాకపోవచ్చు, చివరిసారి మాత్రం కాదు.

ఈ ఇంజిన్లలో డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది క్యామ్ షాఫ్టే. అందువల్ల ఒక సులువైన పరీక్ష కుదిరింది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి రోటర్ కనిపించేలా పెడతారు. క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి ఇంజిన్‌ను ఒకవైపు తిప్పుతూ రోటర్ కదలగానే ఆపి, పుల్లీ మీది డిగ్రీ గుర్తు చూసుకుంటారు. తర్వాత మెల్లగా రెండోవైపు తిప్పడం మొదలుపెడతారు. క్రాంక్ కదులుతున్నా కొంతసేపు రోటర్ కదలదు. వదులు చైన్ ఒకవైపు బిగిసి రెండోవైపు జారే సమయం అది. రోటర్ మళ్ళీ కదిలేదాకా క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగిందో అదే వదులు. మూడు నాలుగు డిగ్రీలైతే భయపడరు. పది డిగ్రీలకు చేరితే చైన్ మార్చమంటారు. ఒక మనిషి, ఒక పానా, పది నిమిషాల పని. కాబట్టే ఇది నిలిచింది. ఇందులో ఒక లోపముంది. డిస్ట్రిబ్యూటర్ గేరు అరిగినా, దాని షాఫ్టు బుష్ పోయినా ఆ వదులు కూడా లెక్కలో కలిసి చైన్ మీద పడుతుంది. జాగ్రత్తపరులు అందుకే వాల్వు కవర్ తీసి, రోటర్‌కు బదులు రాకర్ కదలికను చూస్తారు.

కవర్ విప్పినప్పుడు చేసే కొలతను క్రైస్లర్ సర్వీసు పుస్తకాలు పద్ధతిగా రాశాయి. క్యామ్ చక్రం బోల్టుకు టార్క్ రెంచి వేసి, సిలిండర్ హెడ్లు బిగించి ఉంటే 30 పౌండు-అడుగుల బలంతో తిరిగే దిశలో తిప్పి వదులు తీయాలి. చైన్ పక్కన స్కేలు పెట్టి, అదే బలంతో వెనక్కి తిప్పి చైన్ లింకు ఎంత కదిలిందో చూడాలి. ఈ పనిలో క్రాంక్ కదలకూడదు. కదలిక అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే కొత్త చైన్ వేయాలి. ఒకే బలం, ఒకే కొలత ఉన్నందువల్ల ఈ పరీక్ష ఎవరు చేసినా ఒకే ఫలితం వస్తుంది.

వాక్యూమ్ గేజి, టైమింగ్ లైటు ఈ పనిలో సహాయ సాక్షులు. ఐడిల్‌లో మంచి ఇంజిన్ 17 నుంచి 21 అంగుళాల పాదరసం మేర వాక్యూమ్ చూపుతుంది. వాల్వు టైమింగ్ వెనకబడితే ముల్లు ఊగకుండా అంతకంటే కింద నిలబడుతుంది. టైమింగ్ లైటు వెలుగులో పుల్లీ గుర్తు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ తడబడితే చైన్‌ను అనుమానించాలి. డిస్ట్రిబ్యూటర్ అరిగినా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి ఒక్క లైటుతో తీర్పు చెప్పకూడదు. నడిపేవాడికి తెలిసే లక్షణం ఇంకొకటుంది. క్యామ్ వెనకబడ్డ ఇంజిన్ వేగంలో బాగానే ఉన్నట్టనిపించి, తక్కువ వేగంలో పట్టు కోల్పోతుంది. ఘాట్ రోడ్డు మీద ఇదివరకు మూడో గేరులో ఎక్కిన మలుపుకు రెండో గేరు అడుగుతుంది.

డిగ్రీల లెక్కను శాస్త్రంగా మార్చింది మెర్సిడెస్ బెంజ్ వర్క్‌షాపులు. ఆ కంపెనీ పైక్యామ్ ఇంజిన్లలో చైన్ పొడవైనది. అందులో చిన్న అరుగుదల కూడా కొలవదగ్గ కోణంగా బయటపడుతుంది. వాల్వు కవర్ తీస్తే క్యామ్ షాఫ్ట్ మొదట్లో ఉన్న రింగు మీద ఒక గీటు, పక్కనున్న బేరింగు మీద మరో గీటు కనిపిస్తాయి. క్రాంక్‌ను తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పుతూ రెండు గీట్లనూ కలపాలి. అప్పుడు కింద క్రాంక్ పుల్లీ మీది డిగ్రీలు చదవాలి. కొత్త చైన్‌లో అది సున్నా దగ్గర ఉంటుంది. 5 డిగ్రీలు దాటి చూపితే చైన్ 5 డిగ్రీలు పెరిగినట్టు. పొరపాటున గీట్లు దాటి ముందుకు వెళితే వెనక్కి తిప్పకూడదు. అలా తిప్పితే వదులంతా లాగే వైపుకు చేరి కొలత తప్పుతుంది, చైన్ పన్ను దాటే ప్రమాదమూ ఉంది. మళ్ళీ రెండు పూర్తి చుట్లు తిప్పుకొని రావాల్సిందే. గీట్లు కంటితో కలపడంలో ఒకటి రెండు డిగ్రీలు పొరపడవచ్చు. అందుకే కచ్చితమైన పరీక్షగా మొదటి సిలిండర్ ఇన్‌లెట్ వాల్వుకు డయల్ గేజి పెట్టి, వాల్వు సరిగ్గా 2 మిల్లీమీటర్లు తెరుచుకున్నప్పుడు క్రాంక్ డిగ్రీ చదివి, పుస్తకంలోని అంకెతో పోల్చేవారు.

కొలిచాక ఏం చేయాలన్నదానికీ అక్కడ జవాబుంది. తేడా కొద్దిగా ఉంటే క్యామ్ చక్రాన్ని షాఫ్టుకు కలిపే కీని మార్చేవారు. కొన్ని డిగ్రీలు పక్కకు జరిపి చేసిన కీలు విడిగా దొరికేవి. ఇది అరుగుదలకు మందు కాదు, టైమింగ్‌ను సరిచేయడం మాత్రమే. తేడా ఎక్కువైతే కొత్త చైన్ తప్పదు. అందుకోసం ఇంజిన్ ముందుభాగం విప్పక్కర్లేదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, క్యామ్ చక్రం దగ్గర పాత చైన్ లింకు ఒకటి కోసి, దాని కొనకు కొత్త చైన్ కొన కలిపి, ఒకరు కింద క్రాంక్‌ను మెల్లగా తిప్పుతుంటే ఇంకొకరు పైన కొత్త చైన్‌ను లోపలికి వదులుతూ, పాత చైన్‌ను బయటికి లాగుతూ పోవాలి. తుంచిన ముక్కలు లోపల పడకుండా చుట్టూ గుడ్డలు కుక్కుతారు. రెండు కొనలూ మళ్ళీ కలిశాక లింకు రివెట్ చేస్తారు. ఈ పనిలో ఒక్క క్షణం చైన్ చక్రం మీద వదులైతే పన్ను దాటుతుంది, దాంతో వాల్వులు పిస్టన్లకు తగులుతాయి.

మెర్సిడెస్ చైన్లకు వచ్చిన మంచిపేరు జంటవరుస చైన్లది. ఆ పేరుకు మచ్చ తెచ్చింది 1981 నుంచి 1983 దాకా అమెరికాలో అమ్మిన 380 మోడళ్ళ 3.8 లీటర్ల వీ8. దానికి ఒంటివరుస చైన్ వేశారు. అది త్వరగా పెరిగి, కొన్ని ఇంజిన్లలో పన్ను దాటి వాల్వులు వంగాయి. 1984 నుంచి జంటవరుస చైన్ తెచ్చారు, అంతకుముందు అమ్మిన కార్లకు దాన్ని అమర్చే మార్పిడి సామాను వచ్చింది. నేటికీ ఆ ఏళ్ళ 380 కారును కొనేవాడు ఆయిల్ పోసే మూత తీసి లోపలికి టార్చి వేస్తాడు, చైన్ వరుసలు ఒకటా రెండా చూడడానికి. వరుసలు రెండున్నా ఈ వీ8లలో ఇంకో బలహీనత ఉంది. చైన్‌ను దారిలో పెట్టే ప్లాస్టిక్ పట్టీలు వయసుతో పెళుసెక్కి విరుగుతాయి. విరిగిన ముక్క చైన్‌కూ చక్రానికీ మధ్య ఇరుక్కుంటే బాగున్న చైన్ కూడా పన్ను దాటుతుంది. కాబట్టి చైన్ పరీక్షలో పట్టీల రంగు చూడడమూ భాగమే. కొత్తలో లేతగా ఉండే ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగితే మార్చడం మేలు.

మన దేశంలో కొన్ని దశాబ్దాలు రోడ్లను ఏలిన మూడు కార్లలోనూ చైన్లే ఉండేవి. ఉత్తరపారాలో 1959 ప్రాంతం నుంచి 1489 సీసీల బీ-సిరీస్ ఇంజిన్‌తో తయారైన అంబాసిడర్, ముంబయి కుర్లాలో తయారైన ఫియట్ 1100, తర్వాతి పేరుతో ప్రీమియర్ పద్మిని, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. మూడింటిలోనూ క్యామ్ బ్లాకులో, చైన్ పొట్టిగా, ఇంజిన్ ముందు కవర్ వెనక ఉంటుంది. పొట్టి చైన్ అరిగినా కోణం తేడా తక్కువే. అందుకే ఈ కార్లలో చైన్ తెగి ఇంజిన్ పోయిన కథలకంటే ఆయిల్ కారే కవర్ సీలు కథలే ఎక్కువ. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల హాఫ్ ఇంజిన్ పని వచ్చినప్పుడు ఎలాగూ రేడియేటర్, పుల్లీ, కవర్ దిగుతాయి కాబట్టి చైన్‌నూ అప్పుడే చూసేవారు. దించిన చైన్‌కు చేసే పరీక్ష చాలా తేలిక. చైన్‌ను పక్కకు పడుకోబెట్టి, ఒక కొన పట్టుకొని గాలిలో అడ్డంగా చాపాలి. కొత్త చైన్ దాదాపు తిన్నగా నిలుస్తుంది, అరిగినది విల్లులా కిందికి వంగుతుంది. పక్కన కొత్త చైన్ పెట్టి పోల్చితే ఇక సందేహం ఉండదు. ఇంజిన్ మీదే చూడాలంటే, కారును టాప్ గేరులో పెట్టి కొద్దిగా ముందుకూ వెనక్కూ తోయిస్తూ, డెల్కో అని షెడ్లలో పిలిచే డిస్ట్రిబ్యూటర్ రోటర్‌ను గమనించడం సరిపోతుంది.

ఈలోగా చైన్‌కు పోటీ వచ్చింది. 1962లో జర్మనీలో గ్లాస్ 1004 కారు పళ్ళున్న రబ్బరు బెల్టుతో మార్కెట్లోకి వచ్చింది. 1966లో అమెరికాలో పాంటియాక్ ఆరు సిలిండర్ల ఇంజిన్, ఇటలీలో ఆరేలియో లాంప్రెడి రూపొందించిన ఫియట్ రెండు క్యామ్‌ల ఇంజిన్ బెల్టు పట్టుకున్నాయి. బెల్టు చవక, ఆయిల్ అక్కర్లేదు, చప్పుడు లేదు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ఇంజిన్‌కూ బెల్టే. బెల్టుతో పరీక్షా విద్య అవసరం దాదాపు పోయింది. ఓడోమీటర్ చూసి, గడువు దాటితే మార్చడమే. గడువు పట్టించుకోనివాడి బెల్టు ఏ హెచ్చరికా లేకుండా తెగేది.

1990ల చివర చైన్ తిరిగి వచ్చింది. గడువు లేని భాగం అన్న మాట అమ్మకాలకు పనికొచ్చింది. అయితే తిరిగి వచ్చింది పాత చైన్ కాదు. టొయోటా 1జెడ్‌జెడ్ ఇంజిన్‌లో పిన్నుల మధ్య దూరం 8 మిల్లీమీటర్లకు తగ్గింది, వరుస ఒక్కటే. బరువూ రాపిడీ తగ్గించి ఇంధనం ఆదా చేయడం లక్ష్యం. సన్నని చైన్‌లో పిన్ను అరిగే స్థలం తక్కువ, కీళ్ళు ఎక్కువ. టొయోటా పుస్తకాలు చైన్‌ను దించాక 15 కిలోల బలంతో లాగిపట్టి, నిర్ణీత సంఖ్యలో పిన్నుల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో మూడు నాలుగు చోట్ల కొలవమంటాయి. చైన్‌ను చక్రం చుట్టూ చుట్టి వ్యాసం కొలవడం కూడా వాటిలో ఉంది. పళ్ళు అరిగితే ఆ వ్యాసం తగ్గుతుంది. పాత చక్రాల మీద కొత్త చైన్ వేయడం డబ్బు దండగ అని ఈ రెండో కొలత చెప్పకనే చెబుతుంది.

క్రాంక్‌కూ క్యామ్‌కూ విడివిడిగా సెన్సార్లు వచ్చాక ఇంజిన్ తన చైన్‌ను తానే కొలుచుకోవడం మొదలైంది. రెండు సంకేతాల మధ్య కోణం ఉండాల్సినదానికంటే తప్పితే కంప్యూటర్ పీ0016 వంటి తప్పు సంఖ్య నమోదు చేస్తుంది. స్కానర్ ఉన్న మెకానిక్ తప్పు సంఖ్య వచ్చేదాకా ఆగక్కర్లేదు. చాలా ఇంజిన్లలో క్యామ్ కోణం తేడాను డిగ్రీల్లో నేరుగా చదవవచ్చు. మెర్సిడెస్ మెకానిక్ గీట్లు కలిపి చదివిన అంకె ఇదే. ఫోక్స్‌వాగన్ వంటి కంపెనీల కొన్ని ఇంజిన్లలో కవర్‌కు చిన్న కిటికీ ఉంటుంది. దాని రబ్బరు మూత తీసి, టెన్షనర్ ఎన్ని గాడుల మేర బయటికి వచ్చిందో లెక్కపెడతారు. ఎంత బయటికొస్తే చైన్ అంత పెరిగినట్టు.

కొత్త చైన్లు ఎందుకు ముందే అరిగాయన్నదానికి సమాధానం చాలావరకు ఆయిల్‌లో దొరికింది. ఆయిల్ మార్పు గడువులు పెరిగిన కాలమూ, చైన్లు సన్నబడిన కాలమూ ఒకటే. జనరల్ మోటార్స్ 2000ల చివరి ఏళ్ళ 3.6 లీటర్ల వీ6లలో చైన్లు తొందరగా పెరగడంతో వారంటీ పొడిగించడమే కాక, ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామును సవరించి గడువు తగ్గించింది. 2007లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో చైన్‌ను గేర్‌బాక్సు వైపు పెట్టారు. అందువల్ల చైన్ మార్చడమంటే ఇంజిన్ దించడమే అయింది. స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టా కార్లతో మన ఇళ్ళకు చేరిన ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్‌లో కూడా చైన్ పెరగడం, టెన్షనర్ బలహీనపడడం మెకానిక్‌లకు తెలిసిన జబ్బే. డీజిల్ మసి ఆయిల్‌లో కలిసి పిన్నుల మధ్య గరుకు పొడిలా పనిచేస్తుంది. ఈ ఇంజిన్‌లో ఉదయపు గలగలను టాపెట్ శబ్దమని తేల్చేస్తే నష్టం పెద్దది.

అరుగుదలను కొలిచే పని చివరికి ఆయిల్ తయారీదారుల ప్రయోగశాలకు చేరింది. 2020 మే 1 నుంచి అమలులోకి వచ్చిన ఐఎల్‌సాక్ జీఎఫ్-6 అనే ఇంజిన్ ఆయిల్ ప్రమాణంలో చైన్ అరుగుదలకు ప్రత్యేక పరీక్ష చేర్చారు. సీక్వెన్స్ ఎక్స్ అనే ఆ పరీక్షలో ఫోర్డ్ 2.0 లీటర్ల ఇంజిన్‌ను పరీక్షించే ఆయిల్‌తో 216 గంటలు నడిపి, చైన్ పొడవు ముందూ తర్వాతా కొలుస్తారు. పెరుగుదల 0.085 శాతం మించితే ఆ ఆయిల్‌కు జీఎఫ్-6 గుర్తింపు దక్కదు. మీటరు పొడవు చైన్‌లో అది ఒక మిల్లీమీటరుకన్నా తక్కువ.